ప్రాచీన యుద్ధ చిత్రాల ప్రతులను పటం కట్టించే పద్ధతి: గోదావరి డెల్టా ఇళ్లకు సమగ్ర మార్గదర్శి

అలెగ్జాండరు యుద్ధాలు, థర్మాపిలే కనుమ, లంకా ముట్టడి, కురుక్షేత్రం వంటి ఘట్టాలను చిత్రించిన పాత చిత్రాలకు మంచి ప్రతి తీయించి ఇంట్లో పెట్టుకోవాలంటే ఏం చేయాలని భీమవరం నుంచి, అమలాపురం నుంచి, కాకినాడ నుంచి పాఠకులు తరచుగా అడుగుతున్నారు. అందరి ప్రశ్నా దాదాపు ఒకచోటే మొదలవుతోంది: ‘ఏ ఫ్రేము బాగుంటుంది?’ పని చెడిపోయేది కూడా అక్కడే.

ఫ్రేము చివరన తేల్చుకోవలసిన విషయం. ముందు చిత్రం, తరువాత గోడ, ఆపైన కొలత, ఫైలు, ముద్రణ, అన్నిటి తరువాత చట్రం. ఈ వరుస తప్పితే చిత్రాన్ని చట్రానికి సరిపెట్టేందుకు కత్తిరించక తప్పదు. యుద్ధ చిత్రంలో అంచులు ఖాళీ స్థలాలు కావు. పారిపోయే రథం, వెనుదిరిగిన గుర్రం, దూరాన కోట బురుజు, ఇవన్నీ అంచుల దగ్గరే ఉంటాయి.

నా మొదటి పటం అలాగే పాడయింది. అలెగ్జాండరు పారశీకులను ఓడించిన ఇస్సస్ యుద్ధాన్ని జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెహ్ట్ ఆల్ట్‌డోర్ఫర్ 1529లో చిత్రించాడు. ఆ చిత్రం ప్రతిని, దుకాణంలో సిద్ధంగా ఉన్న 20×30 అంగుళాల చట్రంలో బిగించి ఇచ్చారు. ఇంటికి తెచ్చి చూస్తే ఎడమ పైమూలన ఉండవలసిన నెలవంక తెగిపోయింది, కుడివైపు అస్తమించే సూర్యుడు చట్రం కిందికి సగం జారిపోయాడు. ఆ రెండింటి నడుమ జరుగుతున్న యుద్ధం అది. మొదటి వానాకాలం గడిచేసరికి కాగితం అద్దానికి అతుక్కుపోయి, నూనె తొలకినట్టు తడి మరకలు తేలాయి. కింద రాసినదంతా ఆ రెండు తప్పులూ మీ ఇంట్లో జరగకుండా చూసేందుకే.

1. చిత్రాన్ని ఎంచుకోవడం, ఇంట్లోవారిని ఒప్పించడం

మొదట చూడవలసింది చిత్రంలోని మనుషుల పరిమాణం. ఈ చిత్రాలు రెండు రకాలు.

చిన్న చిన్న మనుషులు వందల సంఖ్యలో కిక్కిరిసినవి ఒక రకం. ఆల్ట్‌డోర్ఫర్ చిత్రం, మొగలు, రాజస్థానీ, పహాడీ సూక్ష్మచిత్రాలు ఈ కోవలోకి వస్తాయి. వీటిని దగ్గరగా నిలబడి చూస్తారు కనుక వసారా, చదువుకునే గది, మెట్ల పక్క గోడ వీటికి తగిన చోట్లు.

పెద్ద ఆకారాలు కొన్నే ఉండి, దూరం నుంచే చదవగలిగేవి రెండో రకం. థర్మాపిలే కనుమలో నిలిచిన స్పార్టా రాజు లియొనైడస్‌ను చూపుతూ జాక్ లూయీ డావిడ్ 1814లో పూర్తిచేసిన చిత్రం, షార్ల్ లె బ్రన్ వేసిన అలెగ్జాండరు, పురుషోత్తముల చిత్రం ఇలాంటివి. వీటికి పెద్ద హాలు, ఎదురుగా కనీసం ఏడెనిమిది అడుగుల దూరం కావాలి.

మన ఇతిహాసాలనుంచే కావాలనుకునేవారు మూడింటిని పరిశీలించవచ్చు. మేవాడ్ రామాయణంలో 1652 ప్రాంతంలో సాహిబ్ దీన్ వేసిన యుద్ధకాండ పుటలు మొదటివి. సుమారు 1725 నాటి, మానకు వేసినవిగా చెప్పే లంకా ముట్టడి చిత్రాలు రెండోవి. అక్బరు చేయించిన మహాభారత పారశీకానువాదం రజ్మ్‌నామాకు 1598 ప్రాంతంలో తయారైన ప్రతిలోని పుటలు మూడోవి. వీటిలో మానకు పుటలు రెండడుగులకు పైబడిన వెడల్పున్నవి కనుక, ఉన్న పరిమాణంలోనే ముద్రించుకోగల అరుదైన అవకాశం వాటితో ఉంది.

యుద్ధం పటం ఇంట్లో ఉంటే కలహం పెరుగుతుందన్న నమ్మకం మన జిల్లాల్లో చాలా ఇళ్లలో ఉంది. పెద్దవారితో వాదనకు దిగకుండా, ముద్రణకు ఇచ్చే ముందే వారికి చిత్రం చూపించి మాట్లాడండి. గీతోపదేశం పటం లేని ఇల్లు మన వైపు తక్కువ, అది రెండు సేనల మధ్య నిలిచిన రథమేనన్న సంగతి గుర్తుచేస్తే చాలామంది మెత్తబడతారు. అయినా పూజగదిలోను, పడకగదిలోను, చిన్నపిల్లలు పడుకునే చోట మంచానికి ఎదురుగాను పెట్టవద్దు. నెత్తురు, తెగిన శిరస్సులు ప్రధానంగా కనిపించే పుటలకన్నా వ్యూహం, నది దాటడం, ముట్టడి వంటి ఘట్టాలు రోజూ చూడటానికి అనువుగా ఉంటాయని నా అభిప్రాయం.

హక్కుల విషయం కూడా ఇక్కడే చూసుకోవాలి. మన దేశ చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన మరుసటి క్యాలెండరు సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు గడిస్తే ఆ చిత్రం అందరిదీ అవుతుంది. పైన చెప్పినవన్నీ అలాంటివే. ఇటీవలి చిత్రకారులు వేసిన మహాభారత యుద్ధ చిత్రాలు అలా కావు. వాటిని చిత్రకారుడి దగ్గర, లేదా హక్కులున్నవారి దగ్గర కొనండి.

2. గోడను పరీక్షించడం

డెల్టాలో నేల నీరు పైపైనే ఉంటుంది. పునాది నుంచి చెమ్మ గోడలోకి ఎగబాకి రెండు, మూడు అడుగుల ఎత్తువరకు వస్తుంది. పైగా నైరుతి వాన పడమటి గోడను, తుఫాను వాన తూర్పు గోడను తడుపుతాయి. కంటికి పొడిగా కనిపించే గోడ కూడా లోపల తడిగా ఉండవచ్చు కనుక కింది పరీక్ష తప్పనిసరి.

అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పాలిథిన్ ముక్కను పటం పెట్టదలచిన చోట గోడకు ఆనించి, నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజుల తరువాత తీసి చూడండి.

– పాలిథిన్‌కు గోడవైపు నీటి బిందువులుంటే ఆ గోడలో చెమ్మ ఉంది. మరో గోడ చూసుకోండి.
– గదివైపు మాత్రమే బిందువులుంటే గది గాలిలో తేమ ఎక్కువ. గోడ పనికొస్తుంది, కాని గాలి ఆడే ఏర్పాటు చేయాలి.
– రెండు వైపులా పొడిగా ఉంటే నిశ్చింతగా వాడవచ్చు.

ఈ పరీక్ష ఎండాకాలంలో చేస్తే ఫలితం నమ్మదగ్గది కాదు. శ్రావణ, భాద్రపదాల్లో వానలు పట్టిన వారంలో చేయండి.

గోడమీద తెల్లటి ఉప్పు పొంగి, సున్నం పెళ్లలుగా రాలుతున్నా, గోడకు ఆవలివైపు స్నానాలగది ఉన్నా, సాయంత్రపు ఎండ నేరుగా పడుతున్నా ఆ చోటు వదిలేయండి. పెంకుటిల్లయితే వాన కారే చోట్ల జాడలు గోడమీద చారలుగా కనిపిస్తాయి, వాటికి రెండడుగుల ఎడంగా ఉండండి.

3. కొలతను లెక్కకట్టడం

ఈ మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇది. కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోండి.

మూలచిత్రం ఎత్తు, వెడల్పులను దాన్ని భద్రపరిచిన మ్యూజియం ప్రకటించిన వివరాల్లో చూసి రాసుకోండి. పెద్ద కొలతను చిన్న కొలతతో భాగిస్తే వచ్చేదే ఆ చిత్రం నిష్పత్తి. మీ ప్రతి ఎంత చిన్నదైనా ఈ నిష్పత్తి మారకూడదు.

ఆల్ట్‌డోర్ఫర్ చిత్రం నిలువు 158.4 సెం.మీ., అడ్డం 120.3 సెం.మీ. కనుక నిష్పత్తి 1.32. అడ్డం 18 అంగుళాలు కావాలంటే నిలువు 23.7 అంగుళాలు వస్తుంది. డావిడ్ లియొనైడస్ 395×531 సెం.మీ., నిష్పత్తి 1.34. కాబట్టి దుకాణాల్లో దొరికే 18×24 చట్రం ఈ రెండింటికీ ఇంచుమించు సరిపోతుంది. 20×30, 24×36, 12×18 చట్రాల నిష్పత్తి 1.5 కనుక అవి ఈ రెండింటికీ పనికిరావు. నా నెలవంక తెగిపోయింది ఈ తేడావల్లే: 30 అంగుళాల నిలువుకు రావలసిన అడ్డం 22.8 అంగుళాలు, చట్రం ఇచ్చింది 20.

లె బ్రన్ చిత్రం సంగతి వేరు. దాని కొలత 470×1264 సెం.మీ., అంటే అడ్డం నిలువుకు 2.69 రెట్లు. నాలుగడుగుల వెడల్పున తీయించినా నిలువు 18 అంగుళాలకు మించదు, మనుషులు మూలంలో పదోవంతుకు కుంచించుకుపోతారు. పాంపేయీలో దొరికి ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్న అలెగ్జాండరు మొజాయిక్‌కూ (చిన్న రంగురాళ్లు పొదిగి చేసిన చిత్రం) అంచులు వదిలి లెక్కేస్తే 272×513 సెం.మీ. వస్తుంది, నిష్పత్తి 1.89. ఇలాంటి పొడవాటి చిత్రాలకు సోఫా పైన, దివాను పైన ఉండే అడ్డగోడలే సరైన చోట్లు.

అంత గోడ లేనివారు చిత్రంలోని ఒక భాగాన్ని మాత్రమే తీయించుకోవచ్చు. గాయపడిన పురుషోత్తముణ్ని అలెగ్జాండరు ముందుకు మోసుకొచ్చే గుంపు ఒక్కటే తీసినా నిండుగా ఉంటుంది. అయితే ఎక్కడ ఆపాలో మీరే గీత గీసి ఇవ్వాలి. గుర్రం కాళ్ల మధ్యగా, బల్లెం మధ్యగా, మనిషి కీళ్ల దగ్గర గీత పడకుండా చూడాలి. దుకాణంలోని కంప్యూటరు తనంతట తాను కత్తిరించడం, మీరు ఆలోచించి భాగాన్ని ఎంచుకోవడం ఒకటి కావు.

గోడమీద పాత న్యూస్‌పేపర్లను ఆ కొలతకు అంటించి రెండు రోజులు చూడండి. చాలామంది ఈ దశలో కొలతను పెంచుకుంటారు. తగ్గించుకున్నవారు నాకు తెలిసి తక్కువ.

4. ఫైలును సంపాదించడం, తనిఖీ చేయడం

న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం, క్లీవ్‌లాండ్ మ్యూజియం తమ దగ్గరున్న, హక్కుల కాలం ముగిసిన చిత్రాల్లో ఎన్నిటికో పెద్ద ఫైళ్లను ఉచితంగా, ఎలాంటి వాడకానికైనా ఇస్తున్నాయి. రోమన్లు కింబ్రీలనే ఉత్తర ఐరోపా తెగతో చేసిన యుద్ధాన్ని చూపే తియెపోలో చిత్రం ‘వెర్చెల్లే యుద్ధం’ మెట్రోపాలిటన్‌లోనే ఉంది. ఇతర చిత్రాలకు వికీమీడియా కామన్స్ చూడండి, అక్కడ ఫైలు కింద రాసిన షరతులు చదివాకే దించుకోండి. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మను ఎన్నడూ ముద్రణకు ఇవ్వవద్దు, పంపేటప్పుడే దాని వివరం సన్నగిల్లుతుంది.

ఎన్ని పిక్సెళ్లు కావాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. దగ్గరగా చూసే చిత్రానికి అంగుళానికి 300 పిక్సెళ్లు, దూరం నుంచి చూసే చిత్రానికి 150 పిక్సెళ్లు లెక్కవేయండి. అంటే అడ్డం 5400 పిక్సెళ్లున్న ఫైలు ఆల్ట్‌డోర్ఫర్‌కు 18 అంగుళాలే ఇస్తుంది, అదే లియొనైడస్‌కు 36 అంగుళాలు ఇస్తుంది.

తరువాత ఫైలును తెరమీద నూరు శాతం పరిమాణంలో తెరిచి మూడు చోట్ల చూడండి.

– బల్లేల వరుస: ఒక్కొక్క కర్ర విడిగా కనిపించాలి. మెట్లుమెట్లుగా, చుట్టూ చుక్కలతో కనిపిస్తే ఆ ఫైలు వద్దు.
– నీడలు: గుర్రాల కడుపుల కింద, కొండ సందుల్లో ఏదో ఒక ఆకారం తెలియాలి. కటిక నలుపైతే ముద్రణలో ఇంకా మూసుకుపోతుంది.
– నాలుగు అంచులు: ఫోటో తీసినప్పుడు పట్టిన మ్యూజియం చట్రం, గోడ నీడ ఉంటే మీరే శుభ్రంగా తీసేయించాలి.

ఒకే చిత్రానికి పది రంగుల ఫైళ్లు దొరుకుతాయి. ఒకటి పసుపు, ఒకటి నీలం, ఒకటి మరీ ఎరుపు. మ్యూజియం స్వయంగా విడుదల చేసినదాన్నే ప్రమాణంగా తీసుకోండి. కళ్లకు ఇంపుగా ఉందని రంగులు పెంచిన ఫైలును ఎంచుకుంటే ముద్రణలో అది సినిమా పోస్టరులా వస్తుంది. పాత తైలవర్ణాల లోతు ఎలా ఉంటుందో కంటికి అలవాటు కావాలంటే రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలకు ఒకసారి వెళ్లి, అసలు చిత్రాల ముందు కాసేపు నిలబడి రండి. తెరమీద చూసి తీర్పు చెప్పే అలవాటు అక్కడ కొంత సర్దుకుంటుంది.

5. ముద్రణ చేయించడం

మన ఊళ్లలో సందుకొకటి ఉండేవి ఫ్లెక్సీ దుకాణాలు. ఫ్లెక్సీమీద, వినైల్‌మీద యుద్ధ చిత్రం వేయించవద్దు. మెరుపు వల్ల నీడలు కనబడవు, దగ్గరికి వెళితే చుక్కలు తేలతాయి, మడత పడితే చీలుతుంది. ఫోటో ల్యాబుల్లోనో, ఆర్ట్ ప్రింటింగ్ చేసేవారి దగ్గరో పిగ్మెంట్ ఇంకులతో (రంగు సన్నని రేణువులుగా ఉండే ఇంకులు) ముద్రించే యంత్రముందేమో అడగండి. రంగు కరిగి ఉండే డై ఇంకుల కన్నా ఇవి వెలుతురును, తేమను ఎక్కువకాలం తట్టుకుంటాయి.

కాగితమా, కాన్వాసా అన్నది చిత్రాన్ని బట్టి ఉంటుంది. సూక్ష్మచిత్రాలకు మెరుపులేని కాటన్ కాగితమే సరైనది, కాన్వాసు నేతలో సన్నని గీతలు మునిగిపోతాయి. మూలంలో గుడ్డమీద వేసిన పెద్ద తైలవర్ణ చిత్రాలకు మెరుపులేని కాన్వాసు బాగుంటుంది, పైగా అద్దం అక్కర్లేదు కనుక మన తేమలో బెడద తక్కువ. ఆల్ట్‌డోర్ఫర్ మూలం చెక్కపలకమీద వేసినది, నునుపైన కాగితంమీదే దాని పనితనం తెలుస్తుంది.

మొత్తం చిత్రం వేయించేముందు నమూనా ముక్క తప్పక తీయించండి. చిత్రాన్ని కుదించి చిన్నది తీయడం కాదు. తుది పరిమాణంలోనే ఉంచి, అందులో బాగా చీకటిగా ఉన్న ఆరంగుళాల ముక్కను మాత్రం ముద్రించమనండి. దాన్ని ఇంటికి తెచ్చి, పటం పెట్టబోయే గోడకే ఆనించి, పగటి వెలుతురులోను రాత్రి దీపం కిందా చూడండి. ముదురుగా ఉంటే నీడలను కొద్దిగా తేటపరచమని అడగండి, మొత్తం చిత్రాన్ని కాదు.

దుకాణంవారికి కాగితంమీద రాసి ఇవ్వవలసినవి:

– ముద్రించవలసిన కచ్చిత కొలత, అంగుళాల్లో, దశాంశంతో సహా
– ‘కత్తిరించవద్దు, సాగదీయవద్దు’
– ‘ఆటో కరెక్షన్ వద్దు’
– కాగితమైతే చుట్టూ అంగుళం తెల్ల అంచు. కాన్వాసైతే చుట్టూ రెండంగుళాల ఖాళీ గుడ్డ

కాన్వాసు విషయంలో చివరి మాట చాలా ముఖ్యం. ఖాళీ గుడ్డ వదలకపోతే చిత్రం అంచులే చెక్కచట్రం పక్కలకు మడత పడి, నాలుగు వైపులా అంగుళంన్నర చొప్పున సైన్యం కనుమరుగవుతుంది.

ముద్రణ అయ్యాక ప్రతిని ఒకరోజు పరిచి ఆరనివ్వండి. చుట్టి తెచ్చేటప్పుడు బొమ్మ బయటివైపు ఉండేలా, నాలుగంగుళాలకు తగ్గని గొట్టంమీద చుట్టించుకోండి. 

6. పటం కట్టడం

మొదట అనువైన రోజును ఎంచుకోవాలి. వాన పడుతున్న రోజున కట్టిన పటంలో ఆ రోజు తేమ లోపలే బందీ అవుతుంది. ఫాల్గుణం నుంచి రోహిణి కార్తె వరకు, ఎండ కాసిన మధ్యాహ్నం ఈ పనికి అనువైనది. వానాకాలంలో తప్పనిసరైతే ప్రతిని, మౌంట్ బోర్డును (చిత్రం చుట్టూ అంచుగా పెట్టే మందపాటి అట్ట) ఒక పూట ఏసీ గదిలో ఉంచి అక్కడే కట్టించండి.

*కాగితపు ప్రతికి:* అద్దానికీ కాగితానికీ మధ్య గాలి ఉండాలి. ఇది ఒక్కటి గుర్తుంటే మిగతా తప్పులు సవరించుకోవచ్చు. గాలిలోని తేమ చల్లబడి అద్దం లోపలివైపు చేరుతుంది. కాగితం ఆనుకుని ఉంటే ఇంకు తడిసి అతుక్కుంటుంది, తరువాత విడదీస్తే రంగు అద్దంతోనే వస్తుంది. సూక్ష్మచిత్రాలకు యాసిడ్ లేని మందపాటి మౌంట్ బోర్డుతో కిటికీలాంటి అంచు పెట్టించండి. ఒక్క బోర్డు మందం మన వాతావరణానికి చాలదు కనుక, దాని వెనుక కనిపించకుండా మరో బోర్డు పట్టీలు వేయించి ఎడం నాలుగైదు మిల్లీమీటర్లకు తెప్పించండి.

మౌంటు కిటికీ సాధారణంగా చిత్రం అంచులను కొన్ని మిల్లీమీటర్లు కప్పేస్తుంది. మీరు వదిలించుకున్న తెల్ల అంచులో అరసెంటీమీటరు బయటికి కనిపించేలా కిటికీని పెద్దగా కోయించండి, అప్పుడు చిత్రం పూర్తిగా దక్కుతుంది. ఎడమ, కుడి, పై వైపుల మూడంగుళాలు ఉంటే కింద మూడున్నర ఉంచండి, లేకపోతే చిత్రం జారినట్టు కనిపిస్తుంది.

ప్రతిని బోర్డుకు అంటించే విషయంలో ఎక్కువ దుకాణాలు తప్పు చేస్తాయి. వెనుకంతా జిగురు రాసి అతికిస్తే, తేమకు కాగితం సాగినప్పుడు పోయే దారిలేక బుడగలు లేస్తుంది. పై అంచున రెండు చోట్ల మాత్రం యాసిడ్ లేని పేపరు టేపుతో వేలాడదీసి, మిగతాది వదిలేయాలి. సెల్లోటేపు రెండేళ్లలో పసుపు మరక చేస్తుంది. మైదా జిగురు వెండిరంగు పురుగులకు విందు. పుస్తకాలు కుట్టేవారు అందులో మైలతుత్తం కలుపుతారు కాని, ఆ రాగి లవణం మంచి కాగితానికి మరక చేస్తుంది కనుక ఇక్కడ వద్దు.

వెనుక పలకగా ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక), మామూలు అట్ట పెట్టించవద్దు. రెండూ చెమ్మను తాగి ఉబ్బుతాయి. ముద్రితప్రతి వెనుక యాసిడ్ లేని బోర్డు, దాని వెనుక 5 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ నురుగు పలక) మంచి జోడీ. సన్‌బోర్డు మ్యూజియంలు మెచ్చే పదార్థం కాకపోయినా నీటిని పీల్చదు, చెదలు తినవు, మన ఇళ్లకు ఆ రెండు గుణాలే ముఖ్యం. చివరగా పలకకూ చట్రానికీ మధ్య సందును చుట్టూ బ్రౌన్ టేపుతో మూయించండి. పురుగు దూరేది ఆ సందునుంచే.

*అద్దం బరువు:* 3 మి.మీ. అద్దం చదరపు మీటరుకు ఏడున్నర కిలోలు. 18×24 చిత్రానికి మౌంటు కలుపుకుంటే అద్దమే మూడున్నర కిలోలు, పటం మొత్తం ఆరేడు కిలోలు తూగుతుంది. అక్రిలిక్ షీటు అందులో సగమే తూగుతుంది, పగలదు. కాని గీతలు పడుతుంది, దుమ్మును లాగుతుంది. మూడడుగులు దాటిన పటానికి, పిల్లలు తిరిగే చోటికి అక్రిలిక్ మేలు. మిగతా వాటికి అద్దమే వాడండి.

*కాన్వాసుకు:* లోపలి చెక్కచట్రం బాగా ఎండిన కర్రతో ఉండాలి. ఏ పక్కయినా రెండున్నర అడుగులు దాటితే మధ్యలో అడ్డకర్ర వేయించండి. వానాకాలంలో గుడ్డ వదులై, వేసవిలో బిగుస్తుంది కనుక మూలల్లో కర్ర చీలికలు పెట్టించుకుంటే వదులైనప్పుడు మెల్లగా తట్టి బిగించుకోవచ్చు. కాన్వాసును వెనుకవైపు పూర్తిగా మూయవద్దు. పైకి కనిపించే చట్రానికీ కాన్వాసుకూ మధ్య పావంగుళం సందు వదిలి కట్టే పద్ధతి పెద్ద యుద్ధ చిత్రాలకు అందంగా ఉంటుంది, అంచున ఒక్క దారం కూడా దాగదు.

*చట్రం రంగు:* కిక్కిరిసిన చిత్రానికి నిరాడంబరమైన చట్రం కావాలి. ముదురు టేకు రంగు, నలుపు, మసకబారిన బంగారు రంగు సన్నని పట్టీ, వీటిలో ఒకటి చాలు. లతలు, పువ్వులు చెక్కిన వెడల్పాటి బంగారు చట్రం కన్నును యుద్ధం నుంచి లాగేస్తుంది. కర్ర కావాలనుకుంటే టేకు వాడండి, మామిడి చెక్కకు పురుగు త్వరగా పడుతుంది. కర్ర వెనుకభాగానికి కూడా వార్నిషు వేయించాలి. అది ఎవరూ అడగరు, దుకాణంవారు వేయరు.

7. గోడకు తగిలించడం

కావలసినవి: డ్రిల్లు, 8 మి.మీ. బిట్టు, ప్లాస్టిక్ ప్లగ్గులు, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు, రసమట్టం, టేపు, నాలుగు కార్కు ముక్కలు.

1. చిత్రం మధ్యభాగం నేలనుంచి 57–60 అంగుళాల ఎత్తులో ఉండేలా గుర్తుపెట్టండి. దివాను పైనయితే దాని వీపుకు ఎనిమిదంగుళాల పైన పటం కింది అంచు రావాలి.

2. ఒక మేకు మీద వేలాడదీసే పద్ధతి మానండి. రెండు స్క్రూలు, మధ్యలో పటం వెడల్పులో సగం దూరం ఉంటే పటం ఒరగదు, బరువు పంచుకుంటుంది.

3. సున్నపు గచ్చు చేసిన పాత గోడలో ఇటుకల మధ్య సందు పొడిగా రాలుతుంది. బిట్టు ఎర్రటి పొడి తెస్తుంటే ఇటుకలో ఉన్నట్టు, తెల్లటి పొడి ఆగకుండా వస్తుంటే సందులో ఉన్నట్టు. రెండంగుళాలు పక్కకు జరగండి.

4. అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల మామూలు ఇనుప మేకు త్వరగా తుప్పుపట్టి గోడమీద ఎర్రని చార దించుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తీగ, స్క్రూలు మాత్రమే వాడండి.

5. పటం వెనుక నాలుగు మూలల్లో అరంగుళం మందమున్న కార్కు ముక్కలు అంటించండి. గోడకూ పటానికీ మధ్య గాలి ఆడేది వీటివల్లే. అరంగుళానికి మించితే పిచ్చుకలు, బల్లులు అక్కడ కాపురం పెడతాయి. పాత మండువా ఇళ్లలో పటాలను పైభాగం ముందుకు వాల్చి తగిలించేవారు. అద్దంమీద వెలుతురు తళుకును అది తగ్గిస్తుంది కాని వెనుక పెద్ద సందు ఏర్పడుతుంది, అలా కావాలంటే ఆ సందుకు దోమల జాలీ కొట్టించండి.

6. దీపం పటానికి ఎదురుగా కాక, పైకప్పు నుంచి సుమారు 30 డిగ్రీల వాలుతో పడాలి. వెచ్చని వెలుగునిచ్చే చిన్న ఎల్‌ఈడీ చాలు. మ్యూజియంలు కాగితపు చిత్రాలకు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురునే అనుమతిస్తాయి, కనుక చూసేటప్పుడు వెలిగించి తరువాత ఆర్పేయడం మంచి అలవాటు.

8. వెనుక అంటించవలసిన చీటీ

పటం వెనుక ఒక చీటీ, ముందు కిందిభాగాన ఒక చిన్న పట్టీ ఉండాలి. ఇందులో మూడు కాలాలను వేరువేరుగా రాయాలి: యుద్ధం జరిగిన కాలం, చిత్రం వేసిన కాలం, మీ ప్రతి ముద్రించిన కాలం. చూసేవారు ఈ మూడింటినీ కలిపేసుకుంటారు.

ఉదాహరణకు, ‘ఇస్సస్ యుద్ధం, క్రీ.పూ. 333. చిత్రకారుడు ఆల్బ్రెహ్ట్ ఆల్ట్‌డోర్ఫర్, 1529. మూలం మ్యూనిక్‌లోని ఆల్టె పినకొథెక్‌లో. ముద్రిత ప్రతి, మూలంలో సుమారు 38 శాతం’ అని రాస్తే, గ్రీకు సైనికుల ఒంటిమీద పదహారో శతాబ్దపు జర్మన్ కవచాలెందుకున్నాయని అడిగే పిల్లవాడికి జవాబు గోడమీదే ఉంటుంది. పురుషోత్తముడి చిత్రానికైతే ‘జీలం నదీతీర యుద్ధం, క్రీ.పూ. 326’ అని, భాగం మాత్రమే తీయించుకుంటే ‘చిత్రంలో ఒక భాగం’ అని తప్పక చేర్చండి. వెనుక చీటీలో కాగితం రకం, ఇంకు రకం, కట్టిన తేదీ కూడా రాస్తే తరువాత బాగుచేసేవారికి పనికొస్తుంది.

9. తరచుగా వచ్చే లోపాలు, సవరణలు

*కాగితం అలలుగా లేచింది:* నాలుగు వైపులా అంటించి ఉంటారు. పటం విప్పి పై అంచు తప్ప మిగతా టేపులు తీయించండి. పొడివాతావరణం వచ్చాక చాలావరకు తనంతట తానే సర్దుకుంటుంది.

*అద్దానికి అతుక్కుంది:* బలవంతంగా లాగవద్దు, తడపవద్దు. ఫైలు మీ దగ్గర ఉంది కనుక కొత్త ప్రతి తీయించి, ఈసారి ఎడం పెట్టించడమే దారి.

*బూజు చుక్కలు:* ముక్కుకు గుడ్డ కట్టుకుని పటాన్ని ఆరుబయట నీడలో విప్పండి. మెత్తని పొడి కుంచెతో కాన్వాసును ఒకే దిశలో తుడవండి. కాగితంమీద బూజు దిగితే చుక్కలు పోవు. గోడను కూడా శుభ్రం చేయకుండా పటాన్ని తిరిగి అక్కడే పెట్టవద్దు.

*అద్దంలో కిటికీ కనిపిస్తోంది:* పటాన్ని కిటికీకి ఎదురు గోడనుంచి పక్క గోడకు మార్చండి. గరుకు అద్దం వేయిస్తే తళుకు తగ్గుతుంది, కాని ఎడం పెట్టిన పటంలో అది చిత్రాన్ని మసకబారుస్తుంది.

*అద్దం తుడవడం:* ద్రవాన్ని అద్దంమీద చల్లితే కింది సందులోంచి మౌంటులోకి దిగుతుంది. గుడ్డమీద చల్లి, ఆ గుడ్డతో తుడవండి.

మృగశిర కార్తె ప్రవేశించేలోపు ఒకసారి, కార్తీకంలో వానలు తెరిపిచ్చాక ఒకసారి పటాన్ని దించి వెనుక టేపు, కార్కులు, స్క్రూలు చూసుకోవాలి. చెదల మట్టిదారి గోడమీద సన్నగా మొదలై పటం వెనుక దాక్కుంటుంది, దించితేనే కనిపిస్తుంది.

10. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు

1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమవారికి ఇంటి పైకప్పును గాలి ఏం చేయగలదో చెప్పనక్కర్లేదు. హెచ్చరిక రాగానే పెద్ద పటాలను ముందు దించండి. ఒక పటం అద్దం మరో పటం అద్దానికి ఎదురుగా ఉండేలా, మధ్యలో దుప్పటి వేసి, రెండేసి చొప్పున జతకట్టండి. జతను పాత నూలుచీరతో చుట్టి ఆపైన పాలిథిన్ కప్పండి.

వాటిని పడుకోబెట్టవద్దు, ఒకదానిమీద ఒకటి పేర్చవద్దు. ఇంటి నడుమ గదిలో, కిటికీ లేని గోడకు ఆనించి, మంచం మీదో బల్లమీదో నిలువుగా నిలబెట్టి తాడుతో కట్టండి. గాలివాన వెలిసిన రోజునే పాలిథిన్ విప్పేయండి, అందులోనే ఉంచితే రెండు రోజుల్లో బూజు పడుతుంది. గోడకు తిరిగి ఎక్కించేముందు రెండో భాగంలోని పాలిథిన్ పరీక్షను అదే చోట మళ్లీ చేసి, గోడ ఆరిందని తేలాకే స్క్రూలకు తగిలించండి.